సీమ నీటి కథ – 7: చెరువుకు పెద్దదిక్కెవరు?

కిందటి భాగం పోరుమామిళ్ల చెరువు శాసనం దగ్గర ఆపాం. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ రాతిమీద చెక్కించి పెట్టారు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు. కట్టిన తీరును అంత వివరంగా చెప్పిన ఆ శాసనం చదివాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కట్టాక దాన్ని చూసుకునేదెవరు?

చెరువు కట్టడం రెండేళ్ల పని. నిలబెట్టుకోవడం వందల ఏళ్ల పని. ఏటా వానలకు ముందు కట్ట చుట్టూ తిరిగి చూడాలి. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్విన బొరియలు పూడ్చాలి. తూము బిగించాలి. కొండమీది నుంచి నీళ్లు తెచ్చే కాలవల్లో ముళ్లకంపలు కొట్టి పూడిక తీయాలి. నీళ్లు చాలని ఏడు ఎవరి మడికి ముందు, ఎవరి కయ్యకు వెనక అన్న తగువు తీర్చాలి. ఇవేవీ రాజధానిలో కూర్చున్నవాళ్లు చేయగలిగిన పనులు కావు. ఊళ్లో ఎవరో ఒకరు చేయాలి. ఆ ఎవరో ఒకరి కథే ఈ భాగం. ఇందుకోసం కడప దాటి దక్షిణానికి, చంద్రగిరి, తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు వద్దాం.

ముందు నేల సంగతి. ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పాకాల వైపు కొండల్లో పుట్టి తిరుచానూరు, శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి పోయే స్వర్ణముఖి గానీ, చిత్తూరు మధ్యగా పారే నీవా గానీ, పడమట బాహుదా, పించా, కౌండిన్య గానీ, తూర్పున కుశస్థలి, ఆరణియార్ గానీ వానొస్తే ఉరుకుతాయి, వాన వెలిస్తే ఇసుక తేలుతాయి. వాన కూడా అందరికీ ఒకేలా రాదు. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు బంగాళాఖాతంలో వాయుగుండం పడితేనే చెరువులు నిండుతాయి. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొండలెక్కి పలమనేరు, మదనపల్లె చేరేసరికి ఆ వానలో బలం తగ్గుతుంది. ఏ వైపైనా ఏడాది వానంతా కొన్ని రోజుల్లో కురిసి పోతుంది. ఆ కొన్ని రోజుల నీళ్లను పట్టుకున్న ఊరు బతుకుతుంది.

అందుకే ఇక్కడ చెరువులు వేల సంఖ్యలో పుట్టాయి. అదీ విడివిడిగా కాదు, గొలుసులుగా. పై ఊరి చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు వంకలో పడి కింది ఊరి చెరువుకు చేరతాయి. అది మొరవ పోతే దాని కిందిది నిండుతుంది. పైన ఒక కట్ట తెగితే ఆ వరదకు కింది కట్టలు వరసగా తెగుతాయి. ఇరుగు పొరుగు ఊళ్లు ఒకదాన్నొకటి పట్టించుకోక తప్పని ఏర్పాటిది. చెరువులు కాక స్వర్ణముఖి, పాలారు వంటి ఏళ్ల ఇసుకలో ఊటకాలవలు తవ్వేవారు. పైకి ఎండినట్టుండే ఏటి అడుగున పారే నీటిని ఆ కాలవల్లోకి ఊరించి పొలాలకు మళ్లించేవారు. ఒక్క వరదకు ఆ కాలవ పూడిపోతుంది. మరుసటి ఏడు ఊరంతా దిగి మళ్లీ తవ్వాలి.

1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కడప ప్రాంతం తిరిగి చూసి ఒక మాట రాశాడు. కొత్తగా చెరువు కట్టడానికి అనువైన చోటు ఇక్కడ దాదాపు మిగల్లేదనీ, అలాంటి ప్రతి చోటా జనం ఎప్పుడో చెరువు కట్టేసుకున్నారనీ దాని సారాంశం. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పట్లో కడపలోనివే. ఈస్టిండియా కుంపిణీ రాకముందే ఈ నేలమీద నీటి పని ఎంతవరకు జరిగిపోయిందో చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఆ పనికి డబ్బెక్కడిది? తిరుమల శాసనాలు ఇక్కడ మనకు దొరికిన పెన్నిధి. వెయ్యికి పైగా ఉన్న ఈ శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. వీటిని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1920ల నుంచి వెతికి, చదివి, వెలుగులోకి తెచ్చారు. సాళువ నరసింహుడు చంద్రగిరి నుంచి ఏలిన నాటి నుంచి అచ్యుతరాయలు, సదాశివరాయల కాలం దాకా, అంటే 15వ శతాబ్దం మధ్య నుంచి 16వ శతాబ్దం మధ్య దాకా, ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. భక్తుడొకరు స్వామికి ఫలానా నైవేద్యం రోజూ జరగాలని కొంత పణం ఇస్తాడు. స్థానత్తార్లు, అంటే ఆలయ నిర్వాహకులు, ఆ సొమ్మును శ్రీభండారంలో మూలన పడేయరు. ఆలయానికి చెందిన ఏదో ఒక గ్రామంలో చెరువు తవ్వించడానికో కాలవ తీయించడానికో పెడతారు. ఆ నీటితో అదనంగా పండిన పంటలోంచి నైవేద్యానికి బియ్యం వస్తాయి. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. ఆ ఏర్పాటంతా రాతి గోడ మీదికి ఎక్కుతుంది.

అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఈ శాసనాల మీద రాసిన వ్యాసంతో తిరుపతి ఆలయం ఆర్థిక చరిత్రకారుల దృష్టిలో పడింది. నన్ను ఆపి ఆలోచింపజేసేది ఆ ఏర్పాటులోని ఒక చిన్న ముడి. చెరువు ఎండితే నైవేద్యం ఆగుతుంది. నైవేద్యం ఆగితే దాత వాటా ఆగుతుంది, దాత వారసులు వచ్చి అడుగుతారు. అందువల్ల చెరువు నిండుగా ఉండటం ఆలయానికి అవసరం, దాతకు అవసరం, కింద మడి దున్నే రైతుకు అవసరం. పెట్టుబడి పెట్టినవాడి ఫలం, చూసుకునేవాడి ఫలం, ఆ చెరువు నీళ్లలోంచే రావాలి. ఈ సూత్రం ఎక్కడ నిలిచిందో అక్కడ చెరువు నిలిచింది. ఎక్కడ తెగిందో అక్కడ కట్ట తెగింది. ఈ ఆరువందల ఏళ్ల కథలో నాకు కనిపించే దారం ఇదే.

ఆలయం కంటే ముందు సభలున్నాయి. తిరుచానూరు సభ పేరు పాత శాసనాల్లో పదే పదే వస్తుంది. భూములు అమ్మడం, ధర్మాల సొమ్ము పుచ్చుకుని దాని బాధ్యత మోయడం దాని పనులు. ఇలాంటి సభలు నీటిని ఎలా నడిపేవో తెలియాలంటే కంచి దాటి ఉత్తరమేరూరు దాకా పోవాలి. పరాంతక చోళుడి కాలంలో, 919, 921 సంవత్సరాల్లో వేసిన శాసనాల్లో అక్కడి సభ తన ఉపసంఘాల ఎన్నిక నియమాలు రాయించింది. వాటిలో ఒకటి ‘ఏరి వారియం’, చెరువు సంఘం. పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి చిన్న పిల్లవాడితో తీయించేవారు. వయసు 35కు తగ్గకూడదు, 70 దాటకూడదు. ముందు ఏ సంఘంలోనైనా ఉండి లెక్క అప్పజెప్పని వాడు పనికిరాడు. వాడే కాదు, వాడి దగ్గరి చుట్టాలూ పనికిరారు. లెక్క చెప్పని వాడిని చెరువు దగ్గరికి రానివ్వకూడదన్న పట్టుదల పదకొండు వందల ఏళ్ల నాడే ఉంది. అయితే ఆ సభలో కూర్చునేది భూమి ఉన్న బ్రాహ్మణులు. పార పట్టినవాడికి ఆ కుండలో చీటీ లేదు. ఇదీ మరవకూడదు.

విజయనగర కాలంలో కడప, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల్లో బాగా పాతుకున్న పద్ధతి దశబంధం. చెరువు కట్టించినవాడికి, లేదా పాడైన చెరువును బాగుచేయించినవాడికి, దాని కింద సాగయ్యే భూమిలో పదో వంతు మాన్యంగా గానీ, శిస్తులో పదో వంతు మినహాయింపుగా గానీ ఇచ్చేవారు. ప్రతిగా కట్టనూ తూమునూ తరతరాలూ చూసుకునే బాధ్యత ఆ కుటుంబానిది. చెరువు ఎండితే మాన్యమూ ఎండుతుంది. ఇక్కడ కూడా అదే ముడి. రాయలేలినా, నవాబులేలినా, పాళెగాళ్లు కొట్టుకున్నా దశబంధదారు తన చెరువు కట్ట మీద నిలబడి ఉండటానికి కారణం భక్తి ఒక్కటే కాదు, ఆ పదో వంతు కూడా.

చిన్నాచితకా పనులకు ఊరిదే పూచీ. రైతులు ఇంటికొకరు చొప్పున వచ్చి పూడిక తీయడం, కట్టకు మన్ను పోయడం కుడిమరామతు. ఇక రోజువారీ నీటి పెత్తనం నీరుగంటిది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలవకు ఎన్ని గడియలు వదలాలో, ఏ మడి తడిసిందో ఏది తడవలేదో ఆయనకే తెలుసు. పంట నూర్చాక కళ్లంలో ప్రతి రైతూ నీరుగంటికి ఇంత ధాన్యం అని కొలిచేవాడు. రాత్రి వాన జోరైతే గొంగడి కప్పుకుని ఒంటరిగా కట్ట మీదికి పోయేది ఆయనే. చాలా ఊళ్లలో నీరుగంటి దళితుడు. ఊరంతటి నీళ్లు పంచే మనిషికి ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకునే హక్కు లేని రోజులవి. పాత కట్టుబాట్లను మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోకపోతే చరిత్ర కాదు, కట్టుకథ అవుతుంది.

1801లో ఆర్కాటు నవాబు పాలన కుంపిణీ చేతికి పోయింది. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోకి వచ్చింది. తిరుమల ఆలయాన్ని కూడా కుంపిణీ కొన్నాళ్లు నేరుగా నడిపి 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. కుంపిణీకి శిస్తు ముఖ్యం. రైత్వారీలో ప్రతి రైతు నుంచీ నేరుగా శిస్తు వసూలవుతుంది, ఆ సొమ్ము మద్రాసుకు పోతుంది. ఇంతకుముందు ఊళ్లోనే నిలిచి చెరువుకు ఖర్చయ్యే వాటాలు కరిగిపోయాయి. చెరువు ప్రభుత్వానిదైంది. దాని మరమ్మతు మాత్రం రైతుల ఆచారంగానే ఉండాలని ప్రభుత్వం కోరుకుంది. ఫలితం ఒకరికీ పని ఇంకొకరికీ అయ్యాక ఏ ఆచారమైనా ఎన్నాళ్లు నిలుస్తుంది?

నిలవలేదు. అందుకే 1858లో మద్రాసులో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. చెరువు కట్టకో కాలవకో గండి పడే ప్రమాదం వస్తే ఊరి పెద్ద కూలిజనాన్ని పనికి పిలవవచ్చు, రానివాడికి శిక్ష వేయవచ్చు. ఆచారంగా చేయాల్సిన పని చేయనివాడి దగ్గర ఆ పని విలువకు రెట్టింపు రాబట్టవచ్చు. ఒకప్పుడు మాన్యమూ, వాటా, పరువూ కలిసి చేయించిన పనిని చట్టంతో చేయించే ప్రయత్నమిది. ఆ తర్వాత 1876–78 కరవు వచ్చింది. రాయలసీమ, ఉత్తర ఆర్కాటు జనం ఎముకల గూళ్లయి గంజి కేంద్రాల ముందు బారులు తీరిన కరవది. అది పోయాక, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. ఇంజినీర్లు వచ్చి ఏ చెరువుకు ఎంత నీటివాలు, ఎంత ఆయకట్టు, మొరవ మట్టం ఎంత అని కొలిచి పటాలు గీశారు. మంచి పనే. ఈనాటికీ చిన్ననీటి పారుదల శాఖ పని ఆ కొలతల బాటలోనే సాగుతోంది. కానీ చెరువు కాగితాల మీద పదిలమైనంతగా నేల మీద కాలేదు. 1901–03 నీటిపారుదల కమిషన్ దక్షిణాదిలో కుడిమరామతు కూలిపోతున్న సంగతిని గుర్తించింది.

జమీందారీల్లో కథ మరోలా నడిచింది. శ్రీకాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు సంస్థానాల్లో చెరువుల భారం జమీందారుది. మంచివాడైతే బాగుచేయించాడు, అప్పుల్లో మునిగినవాడు వదిలేశాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ చెరువులన్నీ ప్రభుత్వానికి చేరాయి. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. మాన్యానికీ చెరువు పనికీ మధ్య మిగిలిన ముడి అలా ఇంకా సడలింది. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ పోయింది. దాని పోకకు కారణాలు న్యాయమైనవే. కానీ ఆయకట్టు లెక్క నోటికి వచ్చిన మనిషి, కట్ట పనికి ఊరిని పిలిచే మనిషి కూడా దాంతోపాటే పోయారు. ఆ పని ఇంకొకరికి ఎవరూ అప్పజెప్పలేదు.

ఈ మధ్యలో కొత్తరకం స్థానిక ప్రభుత్వాలు పుట్టాయి. 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. తిరుపతి 1886లో మునిసిపాలిటీ అయింది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది. చిత్తూరు పట్టణం 1917లో మునిసిపాలిటీ అయింది. తాగునీరు, వీధి దీపాలు, మురుగు ఈ మునిసిపాలిటీల పని. చెరువు ఆ జాబితాలో లేదు. అది రెవెన్యూ వారిదో పీడబ్ల్యూడీదో. పట్టణానికి నీళ్లిచ్చే బాధ్యత ఒకరిది, పట్టణం నడుమ ఉన్న చెరువు ఇంకొకరిది. ఈ చీలిక చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాతి నూరేళ్లలో తిరుపతికి చేసిన నష్టం చిన్నది కాదు.

శేషాచలం అంచున కూర్చున్న ఊరు తిరుపతి. కొండ మీద కురిసిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం దారుల్లో కిందికి దూకి గుంటలు, చెరువులు నింపుకుంటూ స్వర్ణముఖికి పోయేది. యాత్రికులు పెరిగారు, ఊరు పెరిగింది, గుంటల మీద ఇళ్లు లేచాయి. కొర్లగుంట, తాతయ్యగుంట ఇవాళ ఇరుకు వీధుల పేటలు. దగ్గరి నీళ్లు కప్పెట్టుకున్న కొద్దీ దూరపు నీళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. స్వర్ణముఖి ఉపనది కల్యాణి మీద రంగంపేట దగ్గర 1977లో కల్యాణి డ్యామ్ కట్టారు. అది తిరుపతికీ తిరుమలకూ నీళ్లిచ్చింది. వానలు పోయిన ఏళ్లలో దాని అడుగు కనిపించింది. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముఖ్యమంత్రులు ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందం మద్రాసు దాహం కోసం. ఆ కృష్ణా నీళ్లే కండలేరు నుంచి తిరుపతికి కూడా దిక్కయ్యాయి. కొండ మీద దేవస్థానం గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలతో తన ఏర్పాటు తాను చేసుకుంది. 2011 లెక్కల్లో తిరుపతి జనాభా 2.87 లక్షలు. దానికి తోడు రోజూ వేల మంది యాత్రికులు. శ్రీశైలం నుంచి వందల మైళ్లు నడిచి వచ్చే నీటి మీద బతికే నగరం, తన గడప ముందు పడే వాననీటికి మాత్రం దారి ఉంచుకోలేదు.

పల్లెల సంగతికి వద్దాం. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. రాజస్థాన్ తర్వాత దేశంలో రెండోది మనదే. నూరు ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ కిందికి, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కిందికి పంచారు. చిత్తూరు జిల్లా చెరువుల్లో ఎక్కువ భాగం ఆ నూరెకరాల లోపువే. అంటే జిల్లా చెరువుల్లో చాలావాటికి మళ్లీ ఊరే దిక్కయింది. 1992లో 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో చిన్ననీటి పారుదల, నీటి నిర్వహణ, వాటర్‌షెడ్, తాగునీరు పంచాయతీల అంశాలని రాసింది. 1994లో రాష్ట్ర చట్టం వచ్చింది. చదవడానికి ఎంతో బాగుంటుంది. అయితే చెరువు ఇచ్చారు గానీ దాన్ని బాగుచేసే సొమ్ము ఇవ్వలేదు. చేపల వేలం, కట్ట మీది చెట్ల ఫలసాయం వంటి చిల్లర ఆదాయంతో కట్ట మీద కంప కూడా కొట్టించలేని పంచాయతీలు ఎన్నో. దశబంధదారుకు పదో వంతు ఉండేది. సర్పంచికి సంతకం మాత్రం ఉంది.

అప్పటికే చెరువు మీద రైతుల మనసు కూడా మారింది. కపిల బావుల స్థానంలో విద్యుత్ మోటార్లు వచ్చాయి. ఎనభైల నుంచి బోర్లు వచ్చాయి. స్తోమత ఉన్న రైతు చెరువు కోసం ఊరితో తగువు పడాల్సిన అవసరం లేకపోయింది. సొంత బోరు, సొంత మీట. చెరువు నీళ్లకు ఎదురుచూసేది బోరు వేయలేనివాడే. ఊళ్లో మాట చెల్లేవాడికి చెరువుతో పని లేకుండా పోయినప్పుడే దాని గతి తేలిపోయింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. బోర్లు మరింత లోతుకు పోయాయి. నూరు అడుగుల్లో దొరికిన నీళ్లు వెయ్యి అడుగులకు కూడా దొరక్క, పొలానికీ బోర్లకీ చేసిన అప్పు మిగిలిన ఇళ్లు చిత్తూరు పడమటి మండలాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 1997లో రైతుల యాజమాన్యంలో నీటిపారుదల చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టారు. రాష్ట్రమంతటా పది వేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. మళ్లీ 2024 డిసెంబరులో ఆ ఎన్నికలు జరిగాయి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ఊరికి తాగునీరిచ్చే బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయరాదంది. బోరు యంత్రాలు నమోదు చేయించాలంది. కట్టడి రాసిన చట్టం అది. అమలు చేసే మనిషి ఊళ్లో లేకపోతే రిగ్గు రాత్రికి వచ్చి తెల్లారేసరికి పోతుంది.

ఈ సర్కారీ ప్రయత్నాలన్నింటికంటే నాకు గౌరవం కలిగించింది మరొకటి. 2003 నుంచి 2009 దాకా చిత్తూరుతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ఒక కార్యక్రమం నడిచింది. మొదట నెదర్లాండ్స్, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేశాయి. ఊళ్లోనే వానకొలమాని పెట్టారు. రైతులు, వారిలో ఆడవాళ్లూ ఉన్నారు, బావుల్లో నీటిమట్టం తామే కొలిచి అందరికీ కనపడేలా బోర్డు మీద రాశారు. వాన ఎంత పడింది, భూమిలోకి ఎంత దిగింది, వచ్చే రబీలో అందరూ వరి పెడితే ఎంత కావాలి, చెనిక్కాయ పెడితే ఎంత సరిపోతుంది అని ఊరంతా కూర్చుని లెక్క వేసుకున్నారు. జుల్మానా లేదు, పోలీసు లేడు. లెక్క తెలిశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. కార్యక్రమం ముగిశాక దాన్ని మోసే బాధ్యత ఏ పంచాయతీకీ చట్టబద్ధంగా అప్పజెప్పలేదు. అది మన లోపం, రైతులది కాదు.

ఇలాంటి లెక్కలు ఊళ్లు తామే తేల్చుకోగలవని ప్రపంచం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. స్పెయిన్‌లోని వలెన్సియాలో ఎనిమిది కాలవల రైతులు తమలోంచి ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్దచర్చి గుమ్మం ముందు కూర్చుని నీటి తగువులు తీరుస్తారు. వాదన నోటితోనే, తీర్పు అక్కడికక్కడే. వందల ఏళ్లుగా ఆ సభ నడుస్తోంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అదే ఏడాది ఎలినోర్ ఆస్ట్రమ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఉమ్మడి నీటిని వాడుకునేవాళ్లే నియమం పెట్టుకుని, వాళ్లే కాపలా కాసి, తప్పుకు తగ్గ దండన వేసుకున్న చోట ఆ నీరు తరతరాలు నిలిచిందని ఆమె పలు దేశాల ఉదాహరణలతో చూపించారు. ఆమె ఉదాహరణల్లో వలెన్సియా ఒకటి. మన నీరుగంటికీ ఆ వరసలో చోటుంది.

2021 నవంబరులో ఈ చరిత్రంతా ఒక్క వారంలో పరీక్షకు వచ్చింది. 18వ తేదీన వాయుగుండం విరుచుకుపడింది. తిరుమల ఘాట్‌రోడ్లలో కొండ విరిగిపడింది. తిరుపతిలో లక్ష్మీపురం కూడలి చెరువైంది, రైల్వే వంతెనల కింద నీళ్లు నిలిచాయి. స్వర్ణముఖి వంతెనలను కోసుకుపోయింది. గుంటలూ కాలవలూ మూసిన చోట్లన్నీ నీళ్లు వెతుక్కుంటూ వచ్చి గుర్తు చేశాయి. అది తగ్గుతుండగానే 21వ తేదీన తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు నీరు ఊరడం మొదలైంది. కృష్ణదేవరాయల కాలం నాటిదని అక్కడివాళ్లు చెప్పుకునే పెద్ద చెరువది. రెండు కొండల నడుమ కట్ట. అంత నిండుగా ఉండటం ఎన్నో ఏళ్లలో ఎవరూ చూడలేదు. కింది పల్లెల జనం పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో ఎత్తుకు కదిలారు. యంత్రాంగమంతా అక్కడికి చేరి ఇసుక, సిమెంటు బస్తాలతో ఊట దగ్గర కట్టను బలపరిచింది. కట్ట నిలిచింది.

అయితే అక్కడ జరిగింది కట్ట మరమ్మతు కాదు, ప్రాణగండం తప్పించుకోవడం. ఏటా వేసవిలో ఊరు చేసుకోవాల్సిన పనిని దశాబ్దాలపాటు వాయిదా వేసి, వరద మీదకొచ్చాక యంత్రాంగాన్నంతా పిలిచి చేయించాం. కట్ట మీది ఎలుకబొరియ పూడ్చడానికి నాలుగు తట్టల మన్ను చాలు. దాన్ని పూడ్చే మనిషి ఊళ్లో ఉండాలి, ఆ మనిషికి కూలి ఉండాలి, పూడ్చావా అని అడిగే సభ ఉండాలి.

చెరువు భూముల ఆక్రమణ సంగతిలో సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్‌సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఊరి ఉమ్మడి చెరువుల మీది ఆక్రమణలు తొలగించి గ్రామానికి అప్పజెప్పాలంది. తీర్పు ఉంది, చట్టం ఉంది, పదకొండో షెడ్యూలు ఉంది. 2025లో హంద్రీ–నీవా కాలవల్లో కృష్ణా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. అంత దూరం వచ్చిన నీళ్లు కూడా చివరికి నిలవాల్సింది ఊరి చెరువులోనే. పూడిన చెరువులోకి కృష్ణ వచ్చినా గంగ వచ్చినా నిలిచేది మోకాలి లోతే.

కాబట్టి నా తీర్పు ఇది. చిత్తూరు, తిరుపతి జిల్లాల చెరువులను పంచాయతీలకు నిజంగా అప్పగించాలి. అంటే పటంతో, సర్వే రాళ్లతో, చెరువు మీది ఆదాయమంతటితో, ఆయకట్టు నుంచి వచ్చే నీటి తీరువాతో కలిపి అప్పగించాలి. నీరుగంటికి జీతం ఇవ్వాలి. లెక్క అప్పజెప్పని సర్పంచిని, సంఘం అధ్యక్షుణ్ని మళ్లీ ఆ పదవికి రానివ్వకూడదు. ఉత్తరమేరూరులో చేయగలిగింది మనం చేయలేమా?

మీరు చెరువున్న ఊరివాళ్లయితే వచ్చే గ్రామసభకు వెళ్లండి. మా చెరువు విస్తీర్ణం రికార్డులో ఎంత, నేల మీద ఎంత అని అడగండి. చేపల వేలం సొమ్ములో కట్టకు ఎంత ఖర్చు పెట్టారని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. మూడు రాష్ట్రాల నడుమ పారుతూ 1892 ఒప్పందం నాటి నుంచీ తగువులు మోస్తున్న పాలారు కథ వచ్చే భాగంలో.